యుడోరా, నాన్నగారు, నేను చదవని ఉత్తరం

మొన్న ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతూ మాటల మధ్యలో "యుడోరా" అన్నాను. ఎదురుగా కూర్చున్న కుర్రాడు మంచి కోడరే, నాలుగేళ్ళ అనుభవం. "అదేంటి సార్, కొత్త జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కా?" అన్నాడు. అతని తప్పేం లేదు లెండి. యుడోరా అమ్మకం ఆగిపోయిన 2007 నాటికి అతను రెండో క్లాసో మూడో క్లాసో చదువుతుండాలి. నా ఈడువాళ్ళకి మాత్రం ఆ పేరు చెబితే చాలు, మోడెం కీచుమంటూ లైను కలిపిన చప్పుడు చెవుల్లో మోగుతుంది.

క్యాంటీన్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుదామని కూర్చున్నా. కాస్త చరిత్ర, కాస్త సొంత గోల. ఓపిక చేసుకుని చదవండి.

ముందు చరిత్ర. 1988వ సంవత్సరం. అమెరికాలో అర్బానా-షాంపేన్‌లో ఉన్న ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం. (తర్వాత 1993లో మొజాయిక్ బ్రౌజరు పుట్టింది కూడా అక్కడే.) అక్కడి కంప్యూటరు సేవల విభాగంలో స్టీవ్ డోర్నర్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. అప్పటికే ఈ-మెయిలు కొత్త సంగతేం కాదు. కాకపోతే మెయిలు చూసుకోవాలంటే ఎక్కడో గదిలో ఉన్న పెద్ద మెషీనులోకి టెర్మినల్ నుంచి లాగిన్ అవ్వాలి, కమాండ్లు కొట్టాలి. ఉత్తరాలు అక్కడుంటాయి, మనమే అక్కడికి వెళ్ళి చదువుకుని రావాలి. బల్లమీద చక్కటి మాకింటోష్ ఉన్నవాడు కూడా మెయిలు దగ్గరకొచ్చేసరికి దాన్ని ఉత్త టెర్మినల్‌లాగే వాడేవాడు.

ఈ కష్టం తీర్చడానికి ఒక ప్రొటోకాల్ ఉంది. మనందరికీ తెలిసిన పాప్. దాని మూడో రూపం పాప్3 వచ్చింది కూడా 1988లోనే. పాప్ అంటే పోస్ట్ ఆఫీస్ ప్రొటోకాల్. పేరుకు తగ్గట్టే సర్వరు మన ఉత్తరాలు దాచి ఉంచుతుంది, మనం వెళ్ళి "నాకేమైనా వచ్చాయా?" అని అడిగి పట్టుకొచ్చేసుకోవచ్చు. తర్వాత అవి మన ఇంట్లో, మన డిస్కు మీద ఉంటాయి. డోర్నర్ దీన్ని ఆధారం చేసుకుని మాకింటోష్‌కి ఒక ప్రోగ్రాం రాశాడు. ఏడాది పైన పట్టింది, సీ భాషలో దాదాపు 50,000 లైన్లు. కమాండ్లు లేవు. కిటికీలు, మెనూలు, మౌసు. అంతే, క్యాంపస్‌లో అందరూ అదే వాడటం మొదలుపెట్టారు.

ఇక పేరు. మిసిసిపీ రాష్ట్రంలో యుడోరా వెల్టీ అని గొప్ప కథారచయిత్రి ఉండేవారు. ఆవిడ 1941 నాటి కథ ఒకదాని పేరు తెలుగులో చెప్పుకోవాలంటే "నేను పోస్టాఫీసులో ఎందుకు కాపురం ఉంటున్నానంటే". పగలూ రాత్రీ మెయిళ్ళ ప్రోగ్రాంతోనే గడుపుతూ, నాదీ పోస్టాఫీసు కాపురమే అనిపించి డోర్నర్ ఆవిడ పేరు పెట్టేశాడు. బతికున్న రచయిత్రి పేరు అడక్కుండా వాడుకున్నానే అని ఆ తర్వాత కాస్త మొహమాటపడ్డాడట కూడా. ఆవిడ మాత్రం సంతోషించి నవ్వుకున్నారని చెబుతారు. వెల్టీ 2001లో పోయారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ కథ పేరు నేను మొదటిసారి విన్నప్పుడు ఫక్కున నవ్వాను. ఎందుకంటే మేం నిజంగానే పోస్టాఫీసులో కాపురం ఉన్నాం!

మా నాన్నగారు సబ్ పోస్టుమాస్టరు. కోనసీమలో మూడు నాలుగు ఊళ్ళు తిరిగారు. ఎక్కడికెళ్ళినా అదే అమరిక. ముందు గదుల్లో ఆఫీసు, వెనక గదుల్లో మేము. పొద్దున్నే స్టాంపుల మీద ముద్ర కొట్టే టకటకకి లేచేవాళ్ళం. అమ్మ కాఫీ గ్లాసు ఆఫీసు గుమ్మం దగ్గర పెట్టేది కానీ లోపలికి అడుగుపెట్టేది కాదు, అది సర్కారు వారి జాగా అని ఆవిడ లెక్క.

కోనసీమ నుంచి కువైట్‌కి, మస్కట్‌కి, దుబాయ్‌కి పనికెళ్ళినవాళ్ళు బోలెడుమంది. అక్కణ్ణుంచి వచ్చే ఉత్తరాల మీద చిరునామాలు చూడాలి మీరు. ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించుకున్నవి, ఊరి పేరు సగం, ఇంటిపేరు ఉండదు, ఒక్కోసారి జిల్లా కూడా తప్పే. పైనుంచి చెమటకో వానకో అలుక్కుపోయిన సిరా. నిబంధన ప్రకారమైతే "చిరునామా సరిగా లేదు" అని రాసి వెనక్కి పంపెయ్యొచ్చు. నాన్నగారు పంపేవారు కాదు. రాత్రి భోజనాలయ్యాక బల్బు కింద కూర్చుని, ఆ కవరు అటూ ఇటూ తిప్పి, పోస్టుమాన్‌ని పిలిచి "ఈ మధ్య ఎవరి కొడుకు వెళ్ళాడ్రా కువైట్‌కి?" అని ఆరా తీసి, మొత్తానికి ఎవరిదో పట్టేవారు. ఎందుకండీ ఇంత శ్రమ అని అమ్మంటే ఒకటే మాట. "చిరునామా తప్పైతే అది రాసినవాడి తప్పు. ఉత్తరం చేరకపోతే అది మన తప్పు."

ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1998లో హైదరాబాదులో నా మొదటి ఉద్యోగం. చిన్న కంపెనీ, పదిహేనుమందిమి, ఒకటే ఫోను లైను, ఒకటే మోడెం. దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వటం 1995 ఆగస్టు 15న మొదలైంది, ఇంకా వీఎస్ఎన్ఎల్ తప్ప వేరే దిక్కులేని రోజులు. కనెక్షన్‌లో ఉన్న ప్రతి నిమిషానికీ లెక్క. మా సీనియరు ఒకాయన ఫ్లాపీల్లో యుడోరా లైట్ తెచ్చి నా మెషీన్లో వేశాడు. లైట్ అంటే ఉచితం, ప్రో అంటే డబ్బులు.

రోజుకి రెండుసార్లు, పదకొండింటికీ నాలుగింటికీ మోడెం కలిపేవాళ్ళం. యుడోరా వెళ్ళి కొత్త ఉత్తరాలన్నీ దించుకునేది, మనం ముందే రాసి వరసలో పెట్టుకున్న జవాబులన్నీ పంపించేసేది. ఫోను పెట్టేసేవాళ్ళం. ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవటం, తీరిగ్గా జవాబు రాసుకోవటం. ఒక్క పైసా ఖర్చు లేదు. అచ్చం మా ఊరి టపా సంచీ లెక్కే, పొద్దున బస్సుకి వస్తుంది, సాయంత్రం బస్సుకి పోతుంది. నిమిషం నిమిషానికీ మెయిలు చూసుకునే ఈ రోజుల్లో నవ్వొస్తుంది కానీ, ఆ రెండు బస్సుల మధ్య నేను చేసినంత పని తర్వాతెప్పుడూ చెయ్యలేదేమో అనిపిస్తుంది.

యుడోరా అప్పటికే ఇల్లినాయ్ దాటి చాలాదూరం వచ్చేసింది. 1991లో శాన్‌డియేగోలోని క్వాల్‌కామ్ దాన్ని విశ్వవిద్యాలయం దగ్గర లైసెన్సు తీసుకుంది. ఆ తర్వాత డోర్నర్ కూడా ఆ కంపెనీలోనే చేరాడు. అవును, మీ ఫోన్లో చిప్పులు చేసే క్వాల్‌కామే. సెల్‌ఫోన్ సాంకేతికతతో పైకొచ్చిన కంపెనీకి మెయిలు ప్రోగ్రాంతో పనేంటి అంటే, ముందు వాళ్ళ సొంత ఉద్యోగుల కోసం, తర్వాత అమ్మకానికి. విండోస్‌కి వేరే జట్టు సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. "మీరుండే చోటికే పోస్టాఫీసు" అన్న అర్థం వచ్చేలా వెల్టీ కథ పేరునే తిరగేసి నినాదం చేసుకున్నారు. తొంభైలలో విశ్వవిద్యాలయాల్లో, కంపెనీల్లో మెయిలంటే చాలామందికి యుడోరాయే.

చిలిపి పనులు కూడా ఉండేవి దాన్లో. 2000లో వచ్చిన ఐదో వెర్షన్లో మూడ్‌వాచ్ అని పెట్టారు. మీరు కోపంలో ఏ మేనేజరుకో ఘాటుగా మెయిలు రాస్తే, పంపకముందే పక్కన ఎర్ర మిరపకాయలు వేసి చూపించేది. కొంచెం కోపమైతే ఒక మిరపకాయ, బాగా తిట్లుంటే మూడు. గుంటూరు కుర్రాడొకడు మా ఆఫీసులో మూడు మిరపకాయలు వచ్చేదాకా మెయిలు దిద్దేవాడు, అంతకన్నా తక్కువైతే ఉత్తరం చప్పగా ఉన్నట్టట :)

మరి ఇంత బావున్నది ఎందుకు పోయింది? మనకి తెలిసిన కథే. 1997లో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది, విండోస్‌తో పాటే ఉచితం. అంతకు ముందే, 1996 జూలై 4న హాట్‌మెయిల్ మొదలైంది, ఏ ప్రోగ్రామూ వేసుకోనక్కర్లేకుండా బ్రౌజర్లోనే మెయిలు. ఉచితంగా దొరికేదానికి డబ్బులెవరు పెడతారు? 2000లో యుడోరా వాళ్ళు ప్రకటనలు చూస్తే పూర్తి వెర్షన్ ఉచితం అన్నారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైటు ఇస్తామంటూ వచ్చింది, అందరూ ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. 2006 అక్టోబరులో క్వాల్‌కామ్ ఇక పాత కోడు ఆపేస్తున్నామని, ఇకపై యుడోరా థండర్‌బర్డ్ పునాది మీద వస్తుందని ప్రకటించింది. చివరి అసలు వెర్షన్లు ఆ నెలలోనే వచ్చాయి. 2007 మే 1న అమ్మకం ఆగింది. థండర్‌బర్డ్ మీద కట్టిన కొత్తది 2010లో వచ్చింది కానీ, పాతవాళ్ళకి అది యుడోరాలా అనిపించలేదు. ఉగ్గాణిలో ఉల్లిపాయ లేనట్టు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా.

2001లో నేను అమెరికా వెళ్ళాను. యుడోరా కూడా వచ్చింది. దాని సుఖమేంటంటే, మొత్తం ఒకే ఫోల్డరు. కాపీ చేసి కొత్త కంప్యూటర్లో పెడితే అలాగే పనిచేసేది. ఉద్యోగాలు మారాను, ఇళ్ళు మారాను, నాలుగు కంప్యూటర్లు మారాను, ఆ ఫోల్డరు మాత్రం నా వెంటే. నాన్నగారు అప్పటికి రిటైరై అమలాపురం దగ్గర స్థిరపడ్డారు. వీధి చివర నెట్ సెంటర్లో మెయిలివ్వటం నేర్చుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారు. ఆయనకది పరమ చిరాకు. ముప్ఫై ఆరేళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన మనిషికి ఉత్తరమంటే ఒక పద్ధతి కదా. అందుకని పొడిపొడిగా నాలుగు ముక్కలు. డబ్బు అందింది. అమ్మకి మోకాలి నొప్పి. వానలు లేవు. ఉంటాను.

2007 ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన దగ్గర్నుంచి పెద్ద మెయిలొచ్చింది. తెరిస్తే అంతా చెత్త. నెత్తిన వాలుగీత పెట్టుకున్న చిన్న ఇంగ్లీషు ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, దాని పక్కన ఇంకేదో. మళ్ళీ ఏ, ప్లస్-మైనస్ గుర్తు, ఇంకేదో. రెండు పేజీల నిండా అదే. రాత్రి తొమ్మిదయ్యింది, తెల్లారితే రిలీజు. ఒక్క నిమిషం చూసి జవాబు కొట్టాను. "నాన్నగారూ, మీ మెయిల్లో అన్నీ పిచ్చి గుర్తులొచ్చాయి. మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి." అంతే. మర్నాడు ఆయన దగ్గర్నుంచి ఒక్క లైను. "సరే. ఏమీ లేదు. క్షేమం."

ఆ తర్వాత ఆయనెప్పుడూ పెద్ద మెయిలు రాయలేదు. నేనూ మర్చిపోయాను.

నేను 2009లో హైదరాబాదు తిరిగొచ్చేశాను. నాన్నగారు 2011లో పోయారు.

2018 మే 22న కాలిఫోర్నియాలో మౌంటెన్‌వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం యుడోరా సోర్స్ కోడు బయటపెట్టింది. ఐదేళ్ళపాటు మాట్లాడుకున్నాక క్వాల్‌కామ్ కోడు మీద హక్కులు, పేరు అన్నీ మ్యూజియానికి ఇచ్చేసింది. బీఎస్‌డీ లైసెన్సు, ఎవరైనా తీసుకుని ఏమైనా చేసుకోవచ్చు. విండోస్ వైపు 8,651 ఫైళ్ళు, మాకింటోష్ వైపు 1,433. ఆ వార్త చదివి, పాత స్నేహితుణ్ణి చూడాలనిపించినట్టు నా పాత ఫోల్డరు చూడాలనిపించింది. అటక మీద అట్టపెట్టెలో సీడీ దొరికింది. ఎర్ర మార్కరుతో "యుడోరా 2007" అని నా రాతే. డ్రైవున్న కంప్యూటరు దొరకటం కష్టమైంది కానీ, సీడీ మాత్రం చదివింది.

ఇక్కడ కొంచెం సాంకేతికం, మనవాళ్ళే కాబట్టి చెబుతున్నా. యుడోరా ఒక్కో డబ్బాలోని ఉత్తరాలన్నిటినీ ఒకే ఫైల్లో, ఒకదాని కింద ఒకటి, మామూలు టెక్స్టుగా దాస్తుంది. ఒక ఉత్తరం అయిపోయి ఇంకోటి మొదలయ్యేచోట ఒక విభజన లైను. పంపినవాడి చిరునామా ఉండాల్సిన చోట ఎట్ గుర్తుకి అటు మూడు, ఇటు మూడు ప్రశ్నార్థకాలు, పక్కన తేదీ. ఏ చివరి చూసినా ఎవరు పంపారో తెలీని ఉత్తరంలా ఉంటుంది. వేరే రహస్యమేం లేదు. పక్కనుండే పట్టిక ఫైలు చెడిపోయినా మళ్ళీ కట్టుకోవచ్చు. ఏ టెక్స్ట్ ఎడిటర్లోనైనా తెరిచి చదువుకోవచ్చు.

తెరిచాను. పాత ఉత్తరాలు చూసుకుంటూ కిందకి పోతున్నా. ఫ్రెండ్స్, రిక్రూటర్లు, పెళ్ళిచూపుల ఫొటోల గొడవ... ఉన్నట్టుండి తెరమీద తెలుగు. చక్కటి, గుండ్రటి తెలుగు అక్షరాలు.

నా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. 2018 ఎడిటరు ఆ ఫైలుని యూటీఎఫ్-8 అనుకుని తెరిచింది. పాత ఇంగ్లీషు ఉత్తరాల్లో ఎక్కడో ఒకటీ అరా గుర్తులు చెడ్డాయి, నాన్నగారి ఉత్తరం మాత్రం బాగైపోయింది.

అప్పుడర్థమైంది జరిగిందేంటో. డోర్నర్ యుడోరా మొదలుపెట్టిన 1988కి యూనికోడ్ లేదు. యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, తెలుగు అందులోనే ఉంది. యూటీఎఫ్-8ని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో కనిపెట్టారు. పాత యుడోరా ఒక అక్షరానికి ఒక బైటు అనుకునే కాలంలో పుట్టింది, అదే అలవాటుతో చివరిదాకా బతికింది. యూటీఎఫ్-8లో తెలుగక్షరానికి మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఒకటే, అదే ఆ నెత్తిన గీతున్న ఏ. రెండోది హల్లులకీ, దీర్ఘానికీ, గుడికీ డిగ్రీ గుర్తుగా కనపడుతుంది. గుడిదీర్ఘం నుంచి కొమ్ములూ పొల్లూ అన్నిటికీ ప్లస్-మైనస్. మూడోదే అసలు ఏ అక్షరమో చెబుతుంది. నేను చూసిన చెత్త చెత్త కాదు. ఒక్క బైటు కూడా పోని పూర్తి తెలుగు ఉత్తరం, మూడేసి ముక్కలుగా.

అది యుడోరా తప్పని అనలేను. దానికి తెలుగు రాదు. రాకపోయినా వచ్చింది వచ్చినట్టు పదకొండేళ్ళు దాచిపెట్టింది. తప్పు నాది. అదే మెయిలుని బ్రౌజర్లో తెరిచి ఎన్‌కోడింగు మారిస్తే రెండు నిమిషాల పని. రోజూ కోడు రాసి బతికేవాణ్ణి, ఆ గుర్తుల్లో ఒక వరస ఉందని కూడా గమనించలేదు. కువైట్ కవరుని బల్బు కింద అటూ ఇటూ తిప్పి చూసిన మనిషి కొడుకుని నేను.

ఉత్తరం మొత్తం ఇక్కడ రాయను. మొదలు మాత్రం చెబుతా. చిరంజీవికి ఆశీస్సులు, ఉభయకుశలోపరి. నెట్ సెంటరు కుర్రాడు ఎక్స్‌పీ సీడీ పెట్టి ఏదో చేసి తెలుగు వచ్చేలా చేశాడట. లేఖిని అని ఒకటి చూపించాడట, ఇంగ్లీషు మీటలు నొక్కుతుంటే తెలుగు పడుతోందని చిన్నపిల్లాడిలా రాశారు. మూడు గంటలు పట్టిందట ఆ ఉత్తరానికి. నూతి పక్క కొబ్బరిచెట్టు ఇంటి మీదకి ఒరిగిందని కొట్టించారట, అమ్మ రెండు రోజులు మాట్లాడలేదట.

చివర్లో ఇంకో పేరా ఉంది. ఆదివారం ఫోన్లో నా గొంతు బాలేదని కనిపెట్టారు. నిజమే, అప్పుడు నా ఉద్యోగం, ఇల్లు రెండూ సరిగ్గా లేవు. అక్కడ పొసగకపోతే వచ్చెయ్యి, ఎవరో ఏదో అనుకుంటారని ఉండిపోవద్దు, ఇంటికి రావటానికి సిగ్గుపడేదేం లేదు, మీ అమ్మ పక్కనుంటే ఫోన్లో ఇవన్నీ చెప్పలేను, అందుకే తెలుగు రాగానే రాస్తున్నాను అన్నారు. ఆఖరి వాక్యం, "ఇది చేరినదీ లేనిదీ వెంటనే తెలియజేయగలవు."

తెలియజేశాను కదా. పిచ్చి గుర్తులొచ్చాయని.

ఆ తర్వాత నేను రెండేళ్ళు అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చేస్తే నాన్నగారు చిన్నబోతారేమో అన్నది నా మనసులో ఉన్న పెద్ద భయం. ఉత్తరం చదివుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. వచ్చేసేవాణ్ణేమో, రాకపోయేవాణ్ణేమో. ఆయనతో ఇంకో రెండేళ్ళు ఉండేవాణ్ణని మాత్రం లెక్క వచ్చేస్తుంది, ఆ లెక్క వెయ్యకుండా ఉండటం కష్టం.

పంచాయతీ చెప్పటం నాకిష్టం లేదు కానీ, మన వృత్తిలో ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు.

ఒకటి. ప్రోగ్రాం పోయినా ఉత్తరం మిగిలిందంటే కారణం అది ఉన్న రూపం. ఎవరైనా తెరవగలిగే మామూలు టెక్స్టు, నా డిస్కు మీద, నా సీడీ మీద. అమ్మకం ఆగిన ప్రోగ్రాం కూడా నా ఉత్తరాల్ని తనతో పట్టుకుపోలేకపోయింది. ఇప్పుడు మన ఉత్తరాలన్నీ వేరేవాళ్ళ మెషీన్లలో ఉన్నాయి. రెండేళ్ళు వాడని ఖాతాల్ని తీసేస్తామని గూగుల్ 2023లో చెప్పి, ఆ డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. పోయినవాళ్ళు లాగిన్ అవ్వరు కదండీ. గూగుల్ టేకౌట్ నుంచి మీ మెయిలంతా ఎంబాక్స్ ఫైలుగా దించుకోవచ్చు, అది ఈ పాత రూపానికి అన్నదమ్ముల వరసే. థండర్‌బర్డ్‌లాంటివి దాన్ని చదువుతాయి. ఏడాదికోసారి చేసుకోండి. మీరు రాసే సాఫ్ట్‌వేర్‌లో కూడా, మీ తర్వాత వచ్చేవాడు మీ ప్రోగ్రాం లేకుండా చదవగలిగేలా దాచండి. మనకి అర్థంకాని బైట్లని పారెయ్యకండి. మనకి అర్థం కాకపోవచ్చు, ఎవరికో అది ఇంటి ఉత్తరం.

రెండోది ప్రోగ్రామింగు కాదు. మీ అమ్మానాన్నల దగ్గర్నుంచి అర్థంకాని మెసేజి వస్తే "ఏదో చెత్త వచ్చింది" అని కొట్టెయ్యకండి. అటూ ఇటూ తిప్పి చూడండి.

ఆ రోజు ఉత్తరం ప్రింటు తీసి అమ్మకిచ్చాను. మా దగ్గరే ఉంటోంది అప్పటికి. కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివింది. చివరి పేరా దగ్గర కాసేపు ఆగింది. ఏమంటుందో అని చూస్తున్నా.

"రెండు రోజులు కాదు, ఒక్కరోజే మాట్లాడలేదు" అంది. కాగితం మడిచి, దేవుడి గూట్లో పంచాంగం కింద పెట్టింది.

అదండీ యుడోరా కథ. మీ అటకల మీద పాత సీడీలుంటే ఈ ఆదివారం దించండి. అవి కూడా ఎల్లకాలం ఉండవు.